టండ్రా మొక్కలు – ఇన్యూట్ జీవనంలో వాటి స్థానం

ధ్రువప్రాంత ప్రజలు మాంసం, చేపలు, కొవ్వు మాత్రమే తిని జీవిస్తారనీ, అక్కడి జీవనంలో మొక్కలకు చోటు లేదనీ పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతూ వస్తున్నాయి. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇన్యూట్ ప్రజల సంప్రదాయ ఆహారంలో సీల్, తిమింగలం, కారిబూ, చేపల ద్వారా లభించే శక్తితో పోల్చితే మొక్కల వాటా స్వల్పమే. అయితే ఆహారాన్ని కేలరీలతో మాత్రమే తూచితే అనేక సంగతులు మరుగున పడతాయి. సీల్ కొవ్వు దీపమై వెలగాలంటే వత్తి కావాలి. ఆ వత్తి మొక్క నుండి రావాలి. కారిబూ చలికాలం గడిపేది లైకెన్ల మేత మీదనే. మంచు అరుగు మీద పరచిన తోలుపడక తడవకుండా కింద వేసే చాపను పొట్టి విల్లో, బర్చ్ కొమ్మలతో అల్లేవారు. చంటిబిడ్డ కింద పొత్తిగుడ్డకు బదులుగా పరచినది ఎండిన నాచు. నాగలి, విత్తనం, దుక్కి ఎరుగని ఈ సమాజం మొక్కలను ఎంత నిశితంగా పరిశీలించిందో వ్యవసాయ శాస్త్రం దృష్టితో చూడదగిన విషయం.

ఇన్యూట్ అనగా వారి భాషలో మనుషులు అని అర్థం. ఎస్కిమో అన్న పాత పేరును వారిలో, ముఖ్యంగా కెనడా, గ్రీన్‌లాండ్ దేశాలలో, చాలామంది ఇష్టపడరు. అలాస్కా ఉత్తర తీరం మొదలు కెనడా ధ్రువ దీవుల మీదుగా గ్రీన్‌లాండ్ వరకు వీరి నివాసాలు వ్యాపించి ఉన్నాయి. కెనడాలో 1999 ఏప్రిల్ 1న ఏర్పడిన నునావుట్ ప్రాంతం పేరుకు ‘మా భూమి’ అని అర్థం. దాని విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు; అంటే ఆంధ్రప్రదేశ్‌కు పన్నెండు రెట్ల పైమాట. 2021 జనగణన ప్రకారం అక్కడి జనాభా 37 వేలకు మించలేదు. మొత్తం 25 జనావాసాలు ఉండగా, ఒకదానినుండి మరొకదానికి రోడ్డు మార్గం లేదు.

నేల, కాలం

టండ్రా నేలలో కొద్ది లోతు కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే పొర ఉంటుంది. వేసవిలో పైన కరిగేది కొన్నిచోట్ల ఒక జానెడు, మరికొన్నిచోట్ల మీటరు వరకు మాత్రమే. మొక్కల వేర్లు ఆ పలుచని పొరలోనే సర్దుకోవాలి. పెరుగుదలకు దొరికే కాలం ఆరు నుండి పది వారాలు. ఉత్తర దీవులలో అనేక చోట్ల ఏడాది వర్షపాతం, మంచు కలిపి 250 మిల్లీమీటర్ల లోపే; కరవు సీమగా పేరుపడిన అనంతపురం సగటు 550 మిల్లీమీటర్లు. అయినా టండ్రాలో వేసవి నేల చాలాచోట్ల చిత్తడిగా ఉంటుంది. కింద గడ్డకట్టిన పొర నీటిని ఇంకనివ్వదు, చలి ఆవిరి కానివ్వదు. అందువల్ల అక్కడ మొక్కకు తరచుగా ఎదురయ్యే కొరత నీరు కాదు, నత్రజని. చలిలో సేంద్రియ పదార్థం కుళ్ళడం మిక్కిలి మందగించి, పోషకాలు పీట్ రూపంలో బందీలై ఉంటాయి.

ఈ కొరతకు ఒక చక్కని నిదర్శనం ఉంది. శతాబ్దాల క్రితం ఇన్యూట్ పూర్వీకులు నివసించి విడిచిన పాత ఇళ్ల జాగాలు నేటికీ దూరం నుండి పచ్చని మచ్చలుగా కనిపిస్తాయి. వారు పారవేసిన ఎముకలు, కొవ్వు, వ్యర్థాలు నెమ్మదిగా నత్రజనిని, భాస్వరాన్ని విడుదల చేస్తూ చుట్టూ లేని గడ్డిని అక్కడ పెంచుతున్నాయి. పురావస్తు పరిశోధకులు ఈ పచ్చదనాన్ని ఆనవాలుగా వాడుకుంటారు. నక్క బొరియల చుట్టూ, సముద్రపక్షులు గూళ్ళు కట్టే కొండల కింద కూడా ఇదే తీరు. ఎరువు వేయాలని ఎవరూ తలచకపోయినా, వేసిన ఎరువు ఫలితం వందల ఏళ్ళు నిలిచింది.

మొక్కలు ఈ పరిస్థితులకు తగిన రూపాన్ని దాల్చాయి. ధ్రువపు విల్లో (సాలిక్స్ ఆర్కిటికా) పుట్టుకతో చెట్టు జాతిదే అయినా నేలను అంటుకొని పాకుతుంది. వేలెడు మందం కాండంలో వంద ఏళ్ళకు మించిన వలయాలు లెక్కకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. మౌంటెన్ ఎవెన్స్ (డ్రయాస్) పువ్వు గిన్నె ఆకారంలో విచ్చుకొని రోజంతా సూర్యుని వెంట తిరుగుతుంది. కిరణాలు నడుమ కేంద్రీకృతమై పువ్వు లోపలి ఉష్ణోగ్రత బయటి గాలికంటే కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. చలికి వచ్చి కాచుకునే ఈగలు, దోమలు పరాగసంపర్కం జరిపి పోతాయి. ఇన్యూట్ భాషలో ఈ మొక్క పేరు ‘మలిక్కాట్’; అనుసరించడం అన్న అర్థమున్న ధాతువు నుండి పుట్టింది. పువ్వు సూర్యుని అనుసరిస్తుందన్న పరిశీలన పేరులోనే ఇమిడి ఉంది.

వత్తి

ఇన్యూట్ ఇంటికి ప్రాణం ‘కుల్లిక్’ అనే దీపం. బలపపు రాయిని అర్ధచంద్రాకారంలో తొలిచి దీన్ని చేస్తారు. ప్రమిదవలె దీనికి ఒకే మూల వెలుగు ఉండదు. తిన్నని అంచు పొడవునా వత్తిని సన్నని గట్టుగా పేర్చి, మంట ఒక పంక్తిగా వెలిగేటట్లు చూస్తారు. ఇంధనం సీల్ కొవ్వు. దీపం వేడికే కొవ్వు కరిగి నూనెయై వత్తిని చేరుతుంది. చెట్లు లేని దేశంలో, నెలల తరబడి సూర్యుడు కనిపించని చలికాలంలో, ఈ దీపమే వెలుగు, పొయ్యి, కుంపటి. దాని మీదనే మంచును కరిగించి తాగునీరు చేసుకునేవారు. దాని పైన వేలాడగట్టిన రాతిపాత్రలో మాంసం ఉడికేది. ఆ పైన అమర్చిన దండెం మీద వేటగాని చేతితొడుగులు, పాదరక్షలు ఆరేవి. తడి పాదరక్షతో మరునాడు మంచు మీదికి వెళ్ళడం అంటే కాలి వేళ్ళు పోగొట్టుకోవడమే. కనుక దీపం ఆరిపోవడం చిన్న విషయం కాదు.

దీప నిర్వహణ స్త్రీల బాధ్యత. వత్తికి వారు వాడిన పదార్థాలు ప్రధానంగా మూడు: పత్తిగడ్డి దూది, విల్లో విత్తనాల నూగు, ఎండిన నాచు. ఆంగ్లంలో ఆర్కిటిక్ కాటన్ అని పిలిచే పత్తిగడ్డికి (ఎరియోఫోరమ్) పత్తితో బంధుత్వం లేదు. అది తుంగ కుటుంబానికి (సైపరేసి) చెందినది. తెలుగు రైతు పొలంలో ఏరి పారవేసే తుంగకు దగ్గరి చుట్టం. చిత్తడి నేలల్లో గుంపులుగా పెరిగి, వేసవి చివరికి తెల్లని దూది బంతులను మోస్తుంది. ఆ దూదిపోగు పెళుసుగా ఉండి నూలు వడకడానికి పనికిరాదు. వత్తికి మాత్రం తగినదే. ఇన్యూట్ భాషలో దీని పేర్లలో ఒకటి ‘పువలున్‌గువట్’. చేతితొడుగులను పోలినవి అని భావం.

దూది ఒక్కటే అయితే త్వరగా కాలిపోతుంది. అందుకే నాచును ఎండబెట్టి, అరచేతుల మధ్య నలిపి, దూదితో గాని విల్లో నూగుతో గాని కలిపేవారు. నాచు నూనెను పీల్చి నిలుపుతుంది. దూది మంటను అందుకుంటుంది. ఈ మిశ్రమాన్ని అంచున పేర్చి, ‘తక్కుట్’ అనే చిన్న పుల్లతో సవరిస్తూ మంట ఎత్తును అదుపు చేసేవారు. సరిగా సవరించని వత్తి మసి కక్కుతుంది. సరిగా సవరించినది పొగ లేకుండా వెలుగుతుంది. నైపుణ్యం అంతా ఇక్కడే ఉంది. ఏడాదికి సరిపడా దూదిని, నాచును ఆ కొద్ది వారాల వేసవిలోనే సేకరించి, తడి తగలకుండా సంచులలో దాచుకోవలసి ఉండేది. లెక్క తప్పితే చలికాలం నడుమ మరల ఏరుకునే వీలు లేదు. నునావుట్ ప్రభుత్వ చిహ్నం మీద కుల్లిక్ బొమ్మ ఉంది. నేడు ఇళ్ళలో విద్యుత్తు ఉన్నా, సభలలోను ఉత్సవాలలోను పెద్దవయసు స్త్రీలు ఈ దీపం వెలిగించడం ఆనవాయితీ.

వేసవి శిబిరాలలో బయట వంటకు మరొక మొక్క ఆధారం. ధ్రువపు తెల్ల హీథర్ (కాసియోపి టెట్రాగోనా) జానెడు ఎత్తైనా ఎదగని పొద. దాని కాండంలోని జిగురు వల్ల పచ్చిగా, తడిగా ఉన్నప్పుడు కూడా మండుతుంది. కొయ్య దొరకని చోట, సముద్రం ఒడ్డుకు తెచ్చిన దుంగ కూడా లేని చోట, ఈ పొదను పీకి పోగులు వేసుకొని టీ కాచుకోవడం నేటికీ ఉంది.

పులుపు, తీపి, దుంప

ఆహారపు మొక్కలలో తెలుగు పాఠకునికి వెంటనే అర్థమయ్యేది ‘కున్గులిక్’ అనే కొండ పుల్లకూర (ఆక్సీరియా డైజైనా). ఇది చుక్కకూర కుటుంబానికే (పాలీగోనేసి) చెందినది. రుచి కూడా అదే. పులుపుకు కారణం ఆక్సాలిక్ ఆమ్లం. గుండ్రని చిన్న ఆకులను పిల్లలు నడుస్తూ నడుస్తూ తుంపి తింటారు. పెద్దలు సీల్ కొవ్వుతో కలిపి తింటారు. విటమిన్ ‘సి’ సమృద్ధిగా గల కూర ఇది. ఊదా సాక్సిఫ్రేజ్ పువ్వులను కూడా పచ్చిగా తింటారు. మంచు తొలగిన వెంటనే పూసే ఈ మొక్కను నునావుట్ 2000లో తన అధికారిక పుష్పంగా స్వీకరించింది.

అలాస్కాలోని ఇన్యుపియాట్ ప్రజలు ‘సురా’ అనే విల్లో చిగుళ్ళను వసంతంలో కోసి సీల్ నూనెలో నిలువ చేస్తారు. నూనె గాలిని తగలనివ్వదు కనుక ఆకు చాలాకాలం చెడదు. ఊరగాయ మీద నూనె తేలనిచ్చే ఇల్లాలికి ఈ సూత్రం కొత్త కాదు. ‘మాసు’ అనే దుంపవేరు (హెడిసారమ్ ఆల్పినమ్) కంది, చిక్కుడు కుటుంబపు మొక్కది. వేసవి ఆకులు రాలిన తరువాత, లేదా నేల కరిగి చిగురు రాకముందు తవ్వితేనే వేరు తియ్యగా ఉంటుంది. పెరుగుదల కాలంలో పీచుబారుతుంది. దీన్ని పోలిన మరొక జాతి (హెడిసారమ్ మెకెన్జీ) తినదగినది కాదని వారి హెచ్చరిక. రెండింటినీ వేరుచేసే గుర్తు ఆకు వెనుక ఉంది: మాసు ఆకు అడుగున ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి, రెండవదానిలో కనిపించవు. వర్గీకరణ శాస్త్ర గ్రంథాలు కూడా ఈ లక్షణాన్నే చెబుతాయి. కొట్జెబ్యూ ప్రాంతపు ఇట్టి జ్ఞానాన్ని ఆనోర్ జోన్స్ గ్రంథస్థం చేయగా, మానిలక్ సంస్థ 1983లో ప్రచురించింది.

గ్రీన్‌లాండ్‌లో ‘కువన్నెక్’ అనే కాడకూర ప్రసిద్ధం. కొత్తిమీర, వాము, జీలకర్ర కుటుంబానికి చెందిన ఆంజెలికా ఇది. పేరు మాత్రం వెయ్యేళ్ళ క్రితం అక్కడ పశువులు మేపుకొని వ్యవసాయం చేసిన నార్స్ వలసదారుల భాష నుండి వచ్చింది. ఆ వలసదారులు అంతరించినా వారి మాట ఒక కూర పేరులో మిగిలింది. చిత్రమేమంటే కెనడా ఇన్యూట్ ప్రజలు ఇదే పేరుతో పిలిచేది తినదగిన ఒక సముద్రపు నాచును.

ఇక పండ్లు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కుటుంబాలు మొత్తంగా బకెట్లతో కొండవాలులకు తరలి వెళతాయి. నల్లని క్రోబెర్రీ (పౌర్న్‌గాక్), బ్లూబెర్రీ, ఎర్రని లింగన్‌బెర్రీ, నారింజ రంగు క్లౌడ్‌బెర్రీ (అక్పిక్) ముఖ్యమైనవి. క్రోబెర్రీ పండ్లు చలికాలమంతా మంచు కింద మొక్కనే అంటిపెట్టుకొని ఉంటాయి; వసంతంలో మంచు కరగగానే మరొక కోత. వేరే శీతలగిడ్డంగి అవసరం లేదు. లాబ్రడార్, నునావిక్ ప్రాంతాలలో పండ్లను చేపగుడ్లతో, నూనెతో కలిపి ‘సువాలిక్’ అనే వంటకం చేస్తారు. అలాస్కాలో కొవ్వును గిలకొట్టి పండ్లు కలిపితే ‘అకుటక్’.

పండ్లు, కూరలు లేని ఏడెనిమిది నెలలు స్కర్వీ వ్యాధి రాకుండా వీరు ఎట్లా కాపాడుకున్నారన్న ప్రశ్న యూరోపియన్ నావికులను చాలాకాలం వేధించింది. సమాధానంలో అధికభాగం మాంసానిదే: పచ్చిగా తినే తిమింగలపు చర్మం, సీల్ కాలేయంలో విటమిన్ ‘సి’ తగినంత ఉంటుంది, వండకపోవడం వల్ల అది నశించదు. మరొక మార్గం కారిబూ కడుపు. ఆ జంతువు మేసి సగం జీర్ణం చేసుకున్న లైకెన్‌ను, ఆకును ‘నిరుక్కాక్’ పేరుతో తినేవారు. మనిషి నేరుగా అరిగించుకోలేని లైకెన్‌ను నెమరువేసే జంతువు చేత సిద్ధం చేయించుకున్నారని చెప్పవచ్చు.

లైకెన్, కారిబూ, మనిషి

లైకెన్ నిజానికి మొక్క కాదు. శిలీంధ్రం, శైవలం కలిసి జీవించే సహజీవి. అయినా టండ్రా మేతభూమిని అది లేకుండా చెప్పలేము. క్లాడోనియా జాతులు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. ఒకసారి గట్టిగా మేసిన లేదా కాలిపోయిన చోటు కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. వేర్లు లేని లైకెన్ తనకు కావలసినదంతా గాలి నుండి, వాన నుండి, మంచు నుండి గ్రహిస్తుంది. ఈ గుణమే 1950, 60 దశకాలలో ముప్పు తెచ్చింది. అణ్వస్త్ర పరీక్షల ధూళిలోని సీసియం–137 లైకెన్‌లో చేరి, అక్కడి నుండి కారిబూ మాంసంలోకి, దాని నుండి మనుషులలోకి చేరింది. అలాస్కాలోని అనక్టువుక్ పాస్ అనే ఇన్యుపియాట్ గ్రామంలో 1960ల ఆరంభం నుండి ప్రజల శరీరాలలో ఈ పదార్థాన్ని కొలిచారు. పరీక్షలతో ఏ సంబంధమూ లేని వేటగాళ్ళలో అది దక్షిణాది నగరవాసుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. 1963 ఒప్పందం వాతావరణంలో పరీక్షలను నిషేధించిన తరువాత ఆ స్థాయిలు క్రమంగా తగ్గాయి.

కారిబూ సంఖ్య నేడు వేరొక ఆందోళన. క్యూబెక్, లాబ్రడార్ మధ్య తిరిగే జార్జ్ రివర్ మందలో 1990ల ఆరంభంలో ఏడు లక్షలకు పైగా జంతువులు ఉండేవి. 2018 లెక్కలో తేలినవి 5,500. లాబ్రడార్‌లో 2013 నుండి ఆ మంద వేట పూర్తిగా నిషేధం. మేత క్షీణత, వాతావరణ మార్పు, వేటమృగాలు, వేట, మానవ కార్యకలాపాలు – వీటిలో దేని వాటా ఎంత అన్న చర్చ ముగియలేదు. నునాట్సియావుట్ ఇన్యూట్ కుటుంబాలకు మాత్రం ఫలితం ఒక్కటే: ఒక తరం పిల్లలు కారిబూ వేట చూడకుండా పెరుగుతున్నారు.

పొద ఎత్తు పెరిగితే

1979 నుండి ధ్రువప్రాంతం భూగోళ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మొక్కలు దీనికి ఎట్లా స్పందిస్తాయో తెలుసుకొనేందుకు 1990లో అంతర్జాతీయ టండ్రా ప్రయోగం ప్రారంభమైంది. పైకప్పు లేని, ఏటవాలు గోడల పారదర్శక పేటికలను మొక్కల చుట్టూ నిలిపి లోపలి ఉష్ణోగ్రతను ఒకటి నుండి మూడు డిగ్రీల వరకు పెంచుతారు. ఎల్స్‌మియర్ దీవిలోని అలెగ్జాండ్రా ఫియర్డ్‌లో 1992 నుండి ఇట్టి పేటికలు ఉన్నాయి. వేర్వేరు ప్రదేశాల ఫలితాలను కలిపి చూసినప్పుడు కనిపించిన పోకడ ఏమంటే, వేడితో పొదలు ఎత్తు, విస్తీర్ణం పెంచుకుంటాయి. వాటి నీడలో నాచు, లైకెన్లు తగ్గుతాయి. అలాస్కాలో 1940ల నాటి విమాన ఛాయాచిత్రాలను అర్ధశతాబ్దం తరువాత అవే చోట్ల తీసినవాటితో పోల్చి, పొదల విస్తరణను మాథ్యూ స్టర్మ్ బృందం 2001లో నిరూపించింది.

పచ్చదనం పెరగడం మేలే కదా అన్న భావన సహజం. కాని టండ్రాలో పచ్చదనం ఏ మొక్కదన్నదే ప్రశ్న. మోకాలెత్తు బర్చ్ పొద కింద వెలుతురు అందని క్రోబెర్రీ, లింగన్‌బెర్రీ కాపు తగ్గుతుంది. పొదలు చలికాలంలో మంచును ఆపి కుప్పచేయగా, ఆ మంచు దుప్పటివలె నేలను కప్పి లోపలి చలిని తగ్గిస్తుంది; నేల పోషకాలను విడుదల చేస్తుంది; అది మరల పొదకే బలం. చిన్ననాడు ఊరి పక్కన పండ్లు ఏరిన చోట ఇప్పుడు పొదలే ఉన్నాయని నునావిక్, నునాట్సియావుట్ పెద్దలు చెబుతున్నారు.

మొక్కల జ్ఞానం క్షీణించడానికి వాతావరణం ఒక్కటే కారణం కాదు. 1950, 60 దశకాలలో సంచార కుటుంబాలు స్థిర గ్రామాలకు మారాయి; అనేకమంది పిల్లలను వసతి పాఠశాలలకు తరలించి వారి భాషకు దూరం చేశారు. ఏ నెలలో ఏ వేరు తవ్వాలో, ఆకు వెనుక ఏమి చూడాలో తల్లి వెంట నడిచినప్పుడు తెలిసేది. ఆ నడక తెగిపోయింది. విమానంలో వచ్చే కూరగాయల ధర సామాన్యునికి అందదు. 2017–18 సర్వేలో నునావుట్ కుటుంబాలలో 57 శాతం ఆహార భద్రత లేనివిగా తేలాయి.

దీనికి కొన్నిచోట్ల సాగు వైపు నుండి ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇనువిక్‌లో పాత ఐస్ హాకీ మైదానపు భవనాన్ని గాజుతోటగా మార్చారు. జోవా హేవెన్‌లో 2019లో ‘నౌర్విక్’ పేరుతో, గాలి, సౌర విద్యుత్తు తోడ్పాటుతో, ఓడ కంటెయినర్లలో మట్టి లేకుండా ఆకుకూరలు పండించడం మొదలుపెట్టారు. స్థానికులే వాటిని నడుపుతున్నారు. దక్షిణ గ్రీన్‌లాండ్‌లో ఉపెర్నావియార్సుక్ పరిశోధన కేంద్రం బంగాళాదుంప, పశుగ్రాసం, కూరగాయల మీద పనిచేస్తున్నది. ఇవి తాజా ఆకుకూర కొరతను కొంత తీర్చగలవు. పండ్ల సంగతి వేరు. క్లౌడ్‌బెర్రీలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. నాటిన వేరుకాండం కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ పండు నేటికీ ప్రధానంగా అడవి నేల నుండే రావాలి.

ఈ కారణంగానే నునావిక్ పాఠశాలల్లో ‘అవటివుట్’ అనే కార్యక్రమం గమనించదగినది. పండ్ల కాపును కొలవడం అక్కడ విజ్ఞానశాస్త్ర పాఠంలో భాగం. వేసవి ముగిసే వేళ విద్యార్థులు ఊరి దగ్గర గుర్తుపెట్టిన చిన్న చదరపు మడులకు వెళ్ళి, ఒక్కొక్క మడిలో కాసిన పండ్లను కోసి తూచి లెక్క రాస్తారు. ఏ పొద కింద కాపు బాగుండేదో, ఏ ఏడు తగ్గిందో పెద్దలు చెబుతారు. పిల్లల అంకెలు విశ్వవిద్యాలయ పరిశోధకులకు చేరతాయి. తూచిన పండ్లు తరచుగా తిరిగి సంచిలోకి పోవని వేరుగా చెప్పనవసరం లేదు.